కొండ ఎత్తు ఇవ్వలేదు

సుద్దముక్కను రెండుగా విరిచి, మొన ఉన్న సగాన్ని మాత్రమే చేతిలో ఉంచుకోవటం గౌరీశ్వరి అలవాటు. గీతకు పొడవే గాని వెడల్పు లేదని పాఠం చెప్పి, నల్లబల్ల మీద వేలెడు మందాన గీత గీయటం ఆమె సహించలేదు. ఆ ఉదయం పదవ తరగతి గదిలో ఆమె బల్ల అడుగున నేలకు గుర్తుగా ఒక సన్నని గీత గీసి, దాని ఎడమ కొసన చెట్టును నిలిపి, చెట్టు చివర నుంచి ఎండ వాలినట్లు ఏటవాలుగా మరొక గీతను నేలకు దించింది.

“చెట్టు నీడ పన్నెండు మీటర్లు. సూర్యుడి ఊర్ధ్వకోణం నలభై అయిదు డిగ్రీలు. ముందు ఏం చేస్తాం?”

“కళ్ళు మూసుకుంటామండీ!” అని తరగతి యావత్తూ ఒకే గొంతుతో అన్నది.

అది వేళాకోళం కాదు. నగరంలో రేవు పక్కనున్న ఆ పాతపట్నం బాలికల పాఠశాలకు వచ్చిన తొలినాడే ఆమె నేర్పిన మొదటి మెట్టు అది. లెక్క చదవగానే కలం పట్టరాదు. కళ్ళు మూసుకొని లెక్కలో ఉన్న వస్తువును చూడాలి. చూచినదాన్ని పటంగా గీయాలి. తెలిసిన కొలతలను పటంలో గుర్తించి, తెలియనిదానికి ఒక అక్షరం పెట్టాలి. సైన్, కొసైన్, టాన్ అనేవి ఆ తరువాతనే రావాలి. పటం నిజమైతే సాధన దానంతట అదే నడుస్తుందని ఆమె గట్టి నమ్మకం.

“టీచర్‌గారూ, సెట్టుకి ఆ ఏలాడతన్నదేటండీ?” అని మొదటి వరుసలో నుంచి నూకరత్నం అడిగింది. పోర్టు రైల్వేలో పాయింట్స్‌మన్ కూతురు ఆ పిల్ల. దాని నోటికి దాని తండ్రి ఎగరవేసే పచ్చజెండాయే తప్ప ఎర్రజెండా తెలియదని ఉపాధ్యాయినులు అనుకొనేవారు.

గౌరీశ్వరి వెనుదిరిగి తన పటాన్ని తానే చూచుకొన్నది. నిటారుగా, కొమ్మలు లేకుండా, తలమీద మాత్రం విసనకర్రల వంటి ఆకులతో తాటిచెట్టు నిలబడి ఉన్నది. ఆకుల కింద చిన్న ముంత ఒకటి వేలాడుతున్నది. సబ్బవరం పక్క పల్లెలో, పొలం గట్ల మీది తాటిచెట్ల నడుమ పెరిగిన ఆమె చేయి ఎప్పుడు ఆ ముంత కట్టిందో ఆమెకే తెలియదు. చప్పున వేలితో చెరిపివేసింది.

“టీచర్‌గారి లెక్కల్లో సెట్టంటే తాటిసెట్టేనే,” అని పైడితల్లి పక్కపిల్ల చెవిలో అన్నది గాని, ఆ మాట గదిలో అందరికీ వినబడింది. “ఇయ్యాల కల్లు కూడా దించీసినారు.”

నవ్వులు ఇంకా అణగక ముందే అటెండరు అబ్బులు గుమ్మంలో నిలబడి, పెద్దమ్మగారు రమ్మంటున్నారని చెప్పాడు.

ప్రధానోపాధ్యాయిని సూర్యకాంతమ్మ గదిలో బల్లమీద పబ్లిక్ పరీక్షకు ముందు జరిగిన ఉమ్మడి పరీక్ష తాలూకు గణితం జవాబు పత్రాల కట్ట ఉన్నది. ఆ పరీక్షలో ఒక పాఠశాల పత్రాలను మరొక పాఠశాల ఉపాధ్యాయులు దిద్దటం జిల్లాలోని కొన్ని బడులు కలిసి పెట్టుకొన్న ఏర్పాటు. ఈసారి ఈ కట్ట సబ్బవరం వైపు ఒక పల్లె హైస్కూలుకు వెళ్ళి, అక్కడి గణితోపాధ్యాయులు శ్రీరామ్మూర్తిగారి చేతులమీదుగా తిరిగి వచ్చింది. సూర్యకాంతమ్మ మూడు పత్రాలను విడిగా తీసి గౌరీశ్వరి ముందుకు జరిపింది.

మూడింటిలోనూ ఒకే ప్రశ్నకు ఎర్రసిరాతో సున్న చుట్టి ఉన్నది. సున్న పక్కన ముత్యాల వంటి అక్షరాలు: “పటములు మూడును ఒకే తీరున, ఒకే విధమైన తప్పుతో ఉన్నవి. చూచి వ్రాయుట స్పష్టము.”

ప్రశ్న ఆమెకు కంఠోపాఠమే. సముద్రపుటొడ్డున ఉన్న ఒక దీపస్తంభము ఎత్తు అరవై మీటర్లు. దాని శిఖరము నుండి ఒక ఓడ ముప్పది డిగ్రీల నిమ్నకోణములో కనిపించినది. దీపస్తంభము నుండి ఓడకు గల దూరమెంత? ఒక నిలువు గీత, ఒక అడ్డ గీత, ఒక కర్ణం. అంతకు మించి అందులో ఏమీ లేదు. ఎత్తును మూడు వర్గమూలంతో హెచ్చవేస్తే దూరం వస్తుంది. అయితే మూడు పత్రాలలోనూ దీపస్తంభం నేలమీద లేదు. ముందు ఒక పెద్ద కొండ, కొండ నెత్తిమీద అగ్గిపుల్లంత స్తంభం.

“ఈ పత్రాలు రాసిన హాలులో ఇన్విజిలేటరు ఎవరమ్మా?” అని సూర్యకాంతమ్మ అడిగింది.

“నేనేనండి.”

“అందుకే నిన్ను ముందు పిలిచాను. దిద్దినవారు మాట వెనక్కి తీసుకొంటే తప్ప ఈ ముగ్గురికీ పబ్లిక్ పరీక్ష హాల్ టిక్కెట్లు ఇవ్వటానికి నాకు అధికారం లేదు. ఉమ్మడి పరీక్ష నియమం అది. టిక్కెట్లు వచ్చి నా సొరుగులోనే ఉన్నాయి.”

ఆ ముగ్గురు ఎవరో పేర్లు చూడకుండానే గౌరీశ్వరికి తెలిసింది. ఆ ప్రశ్నకు బదులు వృత్తాల సిద్ధాంతం రాయవచ్చు. దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి అని వరుసగా బట్టీపట్టి అప్పగించటానికి వీలైనదవటం వల్ల తరగతి అంతా అటే పోయింది. త్రికోణమితిని ఎంచుకొన్నవారు నూకరత్నం, పైడితల్లి, షరీఫున్నీసా.

ముగ్గురినీ వరండాలోకి పిలిచినప్పుడు ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. “మీ మీద పెట్టుకొన్న నమ్మకం ఇదా? ఒకరి పత్రంలోకి ఒకరు తొంగిచూసి కొండలు గీస్తారా?”

“టీచర్‌గారూ, కొండ…” అని షరీఫున్నీసా ఏదో చెప్పబోయింది.

“ఎదురు చెప్పకు! మూడు తలకాయల్లో ఒకే తప్పు ఎలా పుడుతుంది?”

బడికి కుడివైపున ఉన్న గొడుగుల బజారులో గొడుగులు బాగుచేసే నిసార్ కూతురు షరీఫున్నీసా. మాట్లాడేముందు ప్రతి మాటనూ వేళ్ళ మీద లెక్కించుకొన్నట్లు ఆగే స్వభావం. నూకరత్నం మొహం కందగడ్డ అయింది. పైడితల్లి మాత్రం తల వంచుకొని, గచ్చు మీద కాలి బొటనవేలితో ఒక అర్ధచంద్రాకారం, దాని మీద ఒక చిన్న నిలువు గీత గీసి చెరిపింది. గౌరీశ్వరి చూచింది గాని, చూచినదాన్ని గమనించలేదు.

మరునాడు పైడితల్లి బడికి రాలేదు.

హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు దగ్గర జవాబు లేకపోవటంతో గౌరీశ్వరికి ఆ పూట ఏ లెక్కా సాగలేదు. మధ్యాహ్నం ఖాళీ పీరియడులో అనుమతి తీసుకొని ఫిషింగ్ హార్బర్‌కు నడిచింది. తెల్లవారకముందు మొదలైన వేలంపాట ఎప్పుడో ముగిసింది. పడవలు జెట్టీకి ఆనుకొని వరుసగా ఊగుతున్నవి. ఐసు మిల్లు నుంచి ముక్కలు చేసిన మంచు తోపుడుబండ్ల మీద కరిగిపోతూ పరుగెడుతున్నది. పైడితల్లి తల్లి జోగమ్మ చాపమీద కవ్వళ్ళనే చిన్నచేపలు ఎండబెడుతున్నది. పక్కనే పైడితల్లి, బడి రిబ్బన్లు జడలకు అలాగే ఉండగా, కర్రతో కాకులను తోలుతున్నది.

“రండి పంతులమ్మగోరూ, రండి,” అని జోగమ్మ లేచి, కూర్చోవటానికి ఒక ఖాళీ చేపలపెట్టెను బోర్లించి, కొంగుతో తుడిచింది. “మీరే వచ్చినారు, మంచిదే అయ్యింది. లేకపోతే నానే వచ్చీదాన్ని బడికి. మా గుంట దొంగతనం సేసిందంట కదా?”

“దొంగతనం కాదమ్మా. చూచి రాసిందని…”

“సూసి రాయడం దొంగతనం కాదేటి? పక్కోడి వలలో సేప మన బుట్టలో ఏసుకున్నట్టే కదా! నా కూతురు అలాటిది సెయ్యదు. సేత్తే నానే దీని సెయ్యి ఇరిసేద్దును. మీరు నమ్మరు. సరే. నమ్మని కాడికి అదెందుకు రావాల? ఇక్కడ కాకులు తోలుకుంటది. కాకులకి దీని మీద నమ్మకవే.”

“అమ్మా, ఊరుకోయే!” అన్నది పైడితల్లి, ఏడుపుకూ నవ్వుకూ మధ్య.

గౌరీశ్వరి తల తిప్పింది. ఎదురుగా నీటికి ఆవల డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి ముక్కు పెట్టి పడుకొని ఉన్నది. దాని మీద, ఎండలో తెల్లగా, దీపస్తంభం. ఆమె ఈ నగరానికి వచ్చిన నాటినుంచి రోజూ చూస్తున్నదే. ఆ పూట మాత్రం ఆమె చూపు స్తంభం శిఖరం నుంచి మొదలై, పాదం వరకు దిగి, అక్కడ నేల దొరకక, కొండ వాలు వెంట జారుతూ జారుతూ ఎంతో కిందికి, నీళ్ళ వరకు వచ్చి ఆగింది.

ఆమె గిరుక్కున పిల్ల వైపు తిరిగింది.

“పైడితల్లీ, ఆ కర్ర ఇలా ఇచ్చి, కళ్ళు మూసుకో,” అన్నది.

పిల్ల కళ్ళు మూసుకొన్నది. ఒక కాకి ధైర్యం చేసి చాపమీద వాలింది.

“దీపస్తంభం అనుకో. కనిపించిందా? ఇప్పుడు కళ్ళు తెరిచి ఇసుకలో గియ్యి.”

పైడితల్లి వంగి, తడి ఇసుకలో వేలితో ముందు పెద్ద గుట్ట గీసింది. ఆ తరువాత దాని మీద చిన్న గీత.

“నేలమీద దీపస్తంభం ఎందుకు గియ్యవు?”

ఆ ప్రశ్న పిల్లకు అర్థం కాలేదు. “నేలమీదుంటే దాన్నెవరు సూత్తారండీ?” అన్నది, టీచరుకు ఎండ తగిలిందేమో అన్న సందేహంతో.

గౌరీశ్వరి జోగమ్మ వైపు తిరిగింది. “అమ్మా, మీరు కూడా ఒకసారి గీస్తారా?”

“ఓలమ్మో! నాకు గీతలేటి వస్తాయమ్మా? వేలిముద్రోల్లం.” అని నవ్వి సిగ్గుపడుతూనే జోగమ్మ, పొలుసులంటిన పెట్టె చెక్కమీద బొటనవేలితో ఒక మూపురం గీసి, దాని మీద గోటితో ఒక చుక్క పెట్టింది. “ఇదే దీపం. మా ఇంటాయన సీకట్లో వస్తంటే ఇదే దారి. ఏటి, నాను కూడా సూసి గీసీసినానా?”

గౌరీశ్వరి నవ్వటం మొదలుపెట్టింది. మొదట పెదవులకు, తరువాత భుజాలకు పాకిన ఆ నవ్వును ఆపుకోలేక పెట్టె అంచు పట్టుకొన్నది. ఇంతకుముందు ఏ ఉపాధ్యాయినీ అలా నవ్వగా చూడని జోగమ్మ, కాకులను కూడా మరచి, తానూ నవ్వసాగింది.

“పంతులమ్మగోరూ, ఇంతకీ మా గుంట దొంగేనా?”

“కాదమ్మా. నేను చెప్పినట్టే చేసింది. కళ్ళు మూసుకొని చూసింది. చూసిందే గీసింది.”

ఆ సాయంత్రం ఆమె మూడు పత్రాలనూ బల్లమీద పక్కపక్కనే పరచి, ఎర్రసిరా సున్నలను పట్టించుకోకుండా, ఒక్కొక్క మెట్టునే చదివింది. పటాలు మూడూ కవలలే. సాధనలు మాత్రం ఒకదాని మొహం ఒకటి చూడనివి. పైడితల్లి కొండ ఎత్తు దీపస్తంభానికి మూడింతలని మేనమామ చెప్పాడని పక్కనే రాసి, నూట ఎనభైకి అరవై కలిపి, రెండువందల నలభైని మూడు వర్గమూలంతో హెచ్చవేసి, నాలుగువందల పదిహేను మీటర్ల చిల్లర తేల్చింది. నూకరత్నం రెండు వరుసలు రాసి, “కొండ ఎత్తు ఇవ్వలేదు గనుక లెక్క జరగదు” అని కచ్చితంగా ముగించింది; ఆ వాక్యం కింద రెండు గీతలు కూడా కొట్టింది. షరీఫున్నీసా పత్రం దగ్గర గౌరీశ్వరి కుర్చీలో ముందుకు జరిగింది. ఆ పిల్ల కొండ ఎత్తుకు h అని పేరు పెట్టి, మొత్తం ఎత్తు అరవై కలిపి h అని రాసి, దూరాన్ని h లోనే ఉంచి సాధించి, చివర చిన్న అక్షరాలతో ఒక మాట చేర్చింది: “కొండ లేదని అనుకొనిన యెడల h = 0. అప్పుడు దూరము 60√3, అనగా 103.92 మీటర్లు.”

ఆ సంఖ్యే సరైన సమాధానం. దిద్దినవారు పటం దగ్గరే ఆగిపోయారు, అంతవరకు రాలేదు.

సూర్యకాంతమ్మ అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకొన్నది. ఆమె పుట్టి పెరిగినది ఈ పాతపట్నంలోనే. “నిజమే సుమా. నన్ను గీయమన్నా కొండే ముందు గీస్తాను,” అన్నది. “కాని శ్రీరామ్మూర్తిగారు సామాన్యులు కారమ్మా. ఇది మన ఊళ్ళో కొండ ఉండటం వల్ల వచ్చిందంటే, పరీక్షకు కొండను సాక్ష్యం పిలవమంటారు. ఆయన్నే పిలుద్దాం. వారి ఎదుట మళ్ళీ పరీక్ష పెడదాం.”

శ్రీరామ్మూర్తిగారు ఆ మరునాడు వచ్చారు. మల్లెపువ్వు వంటి పంచె, మెడ వరకు బొత్తాలు పెట్టిన కోటు, చంకలో గొడుగు. ఉక్కు కర్మాగారం నుంచి ఇనుము మోసే లారీలు దారిలో అడ్డుపడి బస్సు ఆలస్యమైనందుకు మూడుసార్లు క్షమాపణ చెప్పారు. పత్రాల సంగతి వచ్చేసరికి ఒక్క అంగుళం కదలలేదు.

“అమ్మా గౌరీశ్వరీ, మీరు మా ప్రాంతపు బిడ్డ అని విన్నాను. సంతోషం. కాని దయ వేరు, గణితం వేరు. ప్రశ్నలో కొండ ఉన్నదా?”

“లేదండి.”

“లేని వస్తువు ఒకరి తలలో పుట్టవచ్చు, పొరపాటు అందాము. ఇరువురి తలలో పుట్టుట యాదృచ్ఛికము అందాము. ముగ్గురి తలలో, అదే కొండ, అదే తీరున? ఒకే పటము స్వతంత్రముగా గీచినవారిని నా ఉద్యోగ జీవితములో నేను చూడలేదు.”

“మీరు కొత్త లెక్క ఇవ్వండి. వాళ్ళను దూరదూరంగా కూర్చోపెడతాను,” అన్నది గౌరీశ్వరి.

ఒకరిని మేడమీది వరండా చివర, ఒకరిని గ్రంథాలయం గదిలో, ఒకరిని కుట్టుపని గదిలో కూర్చోబెట్టారు. శ్రీరామ్మూర్తిగారు గొంతు సవరించుకొని లెక్క చెప్పారు: ఒక చెట్టు గాలికి విరిగి, దాని కొన నేలను ముప్పది డిగ్రీల కోణములో తాకినది. చెట్టు మొదలు నుండి కొన తాకిన చోటికి పది మీటర్లు. విరుగక ముందు చెట్టు ఎత్తెంత?

“మీ ఇద్దరూ కూడా చెరొక మూల కూర్చుని సాధన రాసి ఇవ్వండి,” అని సూర్యకాంతమ్మ ఇద్దరు ఉపాధ్యాయులకు చెరొక తెల్లకాగితం అందించింది. “దిద్దటానికి మాదిరి ఉండాలి కదా.”

శ్రీరామ్మూర్తిగారు ఆమె గదిలోనే, గౌరీశ్వరి ఉపాధ్యాయినుల గదిలో రాశారు. గౌరీశ్వరి చేయి రాస్తూనే ఉన్నా చెవులు వరండా వైపే ఉన్నవి. విరిగి నిలిచిన ముక్క పదిని టాన్ ముప్పైతో హెచ్చవేయగా వచ్చినది. వాలిన ముక్క పదిని కొసైన్ ముప్పైతో భాగించగా వచ్చినది. రెండూ కలిపితే పది రెట్లు మూడు వర్గమూలం, పదిహేడు మీటర్ల చిల్లర. ఆ ముగ్గురూ రెండు ముక్కలనూ కలపటం మరవరు గదా? అమ్మాయిలు తడబడితే? సొరుగు తాళంచెవి సూర్యకాంతమ్మ నడుమున వేలాడుతూనే ఉంటుంది.

గంట మోగింది. అబ్బులు కాగితాలు తెచ్చి ఇచ్చాడు. వెనుకనే గౌరీశ్వరి, ముగ్గురు పిల్లలూ వచ్చి నిలబడ్డారు. సూర్యకాంతమ్మ అయిదింటినీ బల్లమీద ఒక వరుసలో పరచి, కళ్ళజోడు సవరించుకొని, ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివరకు చూచింది. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. కాని నడుమున ఉన్న తాళంచెవిని మాత్రం వేళ్ళతో రెండుసార్లు తిప్పింది.

“నూకరత్నం, ఇలా రా. మిగతా ఇద్దరూ రండి. ఈ అయిదు పటాలూ చూసి, ఎవరు ఎవరిది చూసి గీశారో చెప్పండి.”

“అమ్మా, అది నిర్ణయించవలసినది పరీక్షకులు…” అని శ్రీరామ్మూర్తిగారు అభ్యంతరం చెప్పబోయారు.

నూకరత్నం అప్పటికే బల్లమీదికి వంగింది. తాను గీసినది రైల్వే క్వార్టర్ల ముందు ఉన్న వేపచెట్టు, గుబురుగా. పైడితల్లిది కొబ్బరిచెట్టు, విరిగి పడినా కాయలు రాలలేదు. షరీఫున్నీసాది వాళ్ళ వాకిట్లోని బాదంచెట్టు, అంతస్తులు అంతస్తులుగా. మూడు చెట్లు, మూడు జాతులు. మూడింటి కిందా ఒకే సమాధానం, 17.32. నాలుగవ కాగితం మీద ఒక తాటిచెట్టు, సగానికి విరిగి, కొనలో విసనకర్రల వంటి ఆకులతో, ఆకుల కింద వేలాడే ముంతతో. అయిదవ కాగితం మీద…

“ఓలమ్మా!” అన్నది నూకరత్నం. నోటికి చేయి అడ్డం పెట్టుకొన్నది గాని జెండా అప్పటికే ఎగిరిపోయింది. “సార్! మీరూ మా టీచర్‌గారూ ఒకరిదొకరు సూసి గీసీసినారేటండీ?”

శ్రీరామ్మూర్తిగారు రెండు కాగితాలనూ చేతిలోకి తీసుకొన్నారు. తన తాటిచెట్టు, ఆమె తాటిచెట్టు. తన ముంత, ఆమె ముంత. ముంత మెడకు కట్టిన తాడు రెండు చుట్లు కూడా రెండింటిలోనూ ఉన్నవి. ప్రశ్నలో తాటి అన్న మాట లేదు. ముంత అసలే లేదు. జీవితంలో కల్లు వాసన వచ్చే గాలికి కూడా ఎదురు నిలబడని ఆ మనిషి చెవులు మెల్లగా ఎరుపెక్కినవి.

“ఇది… మా ఊరి గట్ల మీద…” అని ఆగిపోయారు.

“మా ఊరి గట్ల మీద కూడానండి,” అన్నది గౌరీశ్వరి, చాలా మెల్లగా. తన పటంలో ముంతను ఆమె కూడా అప్పుడే చూస్తున్నది.

“అదే తీరున,” అన్నది సూర్యకాంతమ్మ, కాగితాల అంచులు సరిచేస్తూ. ఆ మాట ఆయనదే.

ముందుగా నవ్వినది శ్రీరామ్మూర్తిగారే. అది పెద్ద నవ్వు కాదు. ముక్కుతో మొదలై, మెడ వరకు పెట్టిన బొత్తాల దగ్గర కొంచెం తారట్లాడి, చివరకు మొదటి బొత్తాన్ని విప్పుకొంటే గాని బయటికి రాలేని నవ్వు. ఆ తరువాత ముగ్గురు పిల్లలూ, గుమ్మంలో అబ్బులూ, సంగతి తెలియకుండానే వరండాలో పోతున్న ఆరవ తరగతి యావత్తూ నవ్వారు.

నవ్వులు సద్దుమణిగిన తరువాత ఆయన పాత పత్రాలు మూడూ అడిగి తీసుకొని, కిటికీ దగ్గర నిలబడి, ఈసారి చివరివరకు చదివారు. నూకరత్నం రెండు గీతల వాక్యం దగ్గర తల పంకించారు. పైడితల్లి మేనమామ కొలత దగ్గర కనుబొమ్మ ఎగరేశారు. షరీఫున్నీసా పత్రం దగ్గర మాత్రం చాలాసేపు నిలిచారు.

“h = 0 అని నీకెవరు చెప్పారమ్మా?”

షరీఫున్నీసా వేళ్ళు కదిపింది. “ఎవరూ చెప్పలేదు సార్. కొండ ఎత్తు తెలీదు కదా. తెలీనిదానికి అక్షరం పెట్టమని టీచర్‌గారు చెప్పారు. అయితే, మన ఊరు చూడనివాళ్ళు ఎవరైనా లెక్క ఇచ్చుంటే, వాళ్ళ దగ్గర కొండ లేదేమో అనిపించింది సార్. వాళ్ళ కోసం రాశాను.”

ఆయన కలం తీశారు. ఎర్రసిరా కాదు, నీలం. ఆ పత్రంలో సున్నను కొట్టివేసి పూర్తి మార్కులు వేశారు. మిగతా రెండింటిలో పటానికీ, సరైన మెట్లకూ విడిగా వేశారు. తన వ్యాఖ్యను మూడుచోట్లా ఒకే గీతతో కొట్టి, దాని కింద, “స్వతంత్రముగా వ్రాసినవారు” అని రాసి, తేదీతో సంతకం చేశారు. సొరుగు తెరుచుకొన్న చప్పుడు గౌరీశ్వరికి తన గుండెలోనే వినిపించింది. హాల్ టిక్కెట్ చేతికి రాగానే పైడితల్లి దాన్ని చూడనైనా చూడక గుండెకు అదుముకొని, “మా అమ్మకి సెప్పాల! కాకులకీ సెప్పాల!” అని అరిచింది.

వెళ్ళబోయేముందు శ్రీరామ్మూర్తిగారు తమకు ఆ దీపస్తంభాన్ని చూపమని అడిగారు. చూడక కాదు, ఎన్నోసార్లు చూచారు. లెక్కలోకి తెచ్చుకొని చూడలేదు. అందరూ డాబా ఎక్కారు. సముద్రపు గాలికి ఆయన పంచె తెరచాపలా పొంగింది. దూరంగా ఓడ ఒకటి లంగరు వేసి, లోపలికి రావటానికి తన వంతు కోసం నిలబడి ఉన్నది. ఆయన గొడుగును కంటికి ఎదురుగా ఎత్తి, దాని మొనను శిఖరం దగ్గర నిలిపి, ఓడ వరకు మెల్లగా దించి, మళ్ళీ పైకెత్తారు.

“పాదము ఎక్కడున్నది?” అని తనను తానే అడుగుకొన్నట్లు అన్నారు. “ఎన్ని ఏళ్ళుగా ఈ లెక్క ఇస్తున్నానో! పాదము ఎక్కడున్నదని ఒక్కనాడు అడగలేదు.”

కోటు జేబులో నుంచి ఉమ్మడి పరీక్ష ప్రశ్నపత్రం తీసి, పిట్టగోడ మీద పెట్టి, దీపస్తంభం లెక్క చివర నీలి సిరాతో ఒక వాక్యం చేర్చి, గౌరీశ్వరికి అందించారు. “వచ్చే ఏటి పత్రంలో ఇది ఉండేటట్లు చూస్తాను,” అన్నారు. ఆమె చదివింది: దీపస్తంభపు పాదము సముద్రమట్టముననే ఉన్నదని భావించుము.

షరీఫున్నీసా ఆమె భుజం మీదుగా తానూ చదివి, ఏదో లెక్కించుకొంటూ నిలబడింది. నూకరత్నం ఆ పిల్లను మోచేతితో పొడిచింది. పైడితల్లి మరో వైపు నుంచి పొడిచింది.

“సార్, ఒక డౌటండీ,” అన్నది చివరకు షరీఫున్నీసా. “చెట్టు ఎత్తులో ముంత ఎత్తు కూడా కలపాలాండీ?”

శ్రీరామ్మూర్తిగారు గొడుగు మడిచి చంకన పెట్టుకొన్నారు. కోటు మొదటి బొత్తాం పెట్టుకోబోయి మానుకొన్నారు.

“ముంత ఎత్తు ఇవ్వలేదమ్మా,” అన్నారు. “h అనుకొని మొదలుపెట్టు.”